లినెన్ పేరుతో పాలిస్టర్ రొట్టెల గుడ్డ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వంటింట్లో పేపర్ నాప్కిన్లు, ప్లాస్టిక్ కవర్లు మానేసి ఆర్గానిక్ లినెన్ గుడ్డలు (రసాయనాలు లేకుండా పండించిన అవిసె నారతో నేసినవి) కొనుక్కోండి, ఉతుక్కుంటూ ఏళ్ల తరబడి వాడుకోండి అని ఒక వ్యాసం వేశారు. మంచి మాటే. కానీ కొనేటప్పుడు ఏం అడగాలి, చేతికొచ్చింది లినెనో కాదో ఎట్లా తెలుసుకోవాలి అనేది అందులో ఒక్క ముక్క లేదు. ఆ ముక్క తెలియక నేను 2,150 రూపాయలు పోగొట్టుకోబోయాను కాబట్టి ఈ ఉత్తరం. పొడుగైంది, మీరు కత్తిరించుకోండి, రొట్టెల సంగతి మాత్రం ఉంచండి.

నేను కర్నూలులో ఇంట్లోనే ఇరవై రెండేళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను. జాకెట్లు, లంగాలు, పిల్లల యూనిఫాంలు, ఈ మధ్య చేతిసంచులు కూడా. బట్ట పట్టుకుంటే అదేంటో చెప్పేస్తానని కాస్త పొగరు కూడా ఉండేది నాకు. ఫోన్లో బొమ్మను పట్టుకుని చూడలేం కదా, అక్కడ దొరికిపోయాను. మా కోడలు ఒకరోజు ఫోన్ చూపించి అత్తా ఇవి చూడు, ఆర్గానిక్ లినెన్ అంట, నాలుగు నాప్కిన్లు, రెండు టవళ్లు, పేపర్ రోల్స్ కొనే పనే ఉండదు అంది. నిజమే అనిపించింది. ఇంట్లో చిన్నబిడ్డ ఉంది, నెలకు మూడు నాలుగు రోల్స్ అయిపోతున్నాయి. సరే పెట్టమ్మా అన్నాను.

పార్సిల్ చూస్తే ముచ్చటేసింది. గోధుమరంగు అట్టపెట్టె, దానికి పురికొస ముడి, మీద పచ్చని ఆకు బొమ్మ, భూమికి మేలు అని ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. లోపల బట్టలు ఇస్త్రీ చేసినట్టు నున్నగా, ఒక్క ముడత లేకుండా ఉన్నాయి. అప్పుడే అనుమానం రావాల్సింది. నాలుగు రోజులు మడతపెట్టి ఉన్న లినెన్ నలగకుండా వచ్చిందంటే అది లినెన్ కాదన్నమాటే, ఈ పనిలో ఉన్న నాకే ఆ క్షణంలో తట్టలేదు.

ఒకసారి ఉతికి ఆరేసి, ఆ సాయంత్రమే జొన్నరొట్టెలు చేసి కొత్త గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టాను. మా వైపు రొట్టె చేసే ఇళ్లలో అందరికీ తెలుసు, పెనం మీద నుంచి తీసిన రొట్టెను గుడ్డలో చుడితే ఆవిరి గుడ్డ తాగేస్తుంది, రొట్టె మెత్తగా ఉంటుంది కానీ తడవదు. స్టీలు డబ్బాలో అట్లే పెడితే చెమట పట్టి అడుగు రొట్టె ముద్దయిపోతుంది. అరగంట తర్వాత విప్పి చూస్తే అచ్చం స్టీలు డబ్బా పనే చేసింది ఆ గుడ్డ. లోపలివైపు సన్నసన్నని నీటి చుక్కలు, అడుగు రొట్టె గుడ్డకు అతుక్కుని ఊడి రాలేదు. మా అత్తమ్మకు ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు, చేత్తో తడిమి చూసి "ఇదేం గుడ్డే, గొడుగు గుడ్డ మాదిరుంది" అనేసింది. ఇరవై రెండేళ్ల అనుభవం నాది, ఆమె ఒక్క తడుముతో తేల్చేసింది.

అప్పుడు అంచు నుంచి రెండు పోగులు లాగాను, ఒకటి నిలువు పోగు, ఒకటి అడ్డపోగు. రెండూ వేరువేరుగా ఎందుకంటే చాలా బట్టల్లో పడుగు ఒకటి, పేక ఇంకొకటి ఉంటుంది, ఒక్క పోగే కాల్చి చూస్తే మోసపోతాం. పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు ప్లేటు పెట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని అగ్గిపుల్ల చూపించాను. నిలువు పోగు కాగితం కాలినట్టు కాలి, కాగితం కాలిన వాసనే వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద మిగిలింది. అడ్డపోగు మాత్రం ముడుచుకుపోయి, కరిగి, నల్లపొగ వదిలి, చివర ఆవగింజంత గట్టి పూసయింది. అది పాలిస్టర్. అంటే సగం బట్ట ప్లాస్టిక్కే. ప్లాస్టిక్ మానేద్దామని కొన్న గుడ్డ అది!

ఒకటి చెప్పాలి, ఈ కాల్చే పరీక్షతో పాలిస్టర్ లాంటి ప్లాస్టిక్ దారాలే బయటపడతాయి. కాటనైనా, లినెనైనా, రేయానైనా కాగితంలాగే కాలతాయి, మూడూ పుట్టింది చెట్టు నుంచే కాబట్టి. కాటన్‌కీ లినెన్‌కీ తేడా కావాలంటే పోగు పురి విప్పి మెల్లగా లాగి తెంపి చూడాలి. కాటన్ పోగు తెగిన చోట పొట్టిపొట్టి నూగు కుచ్చులాగా ఉంటుంది. లినెన్ పీచు పొడుగు, తెగిన చోట సన్నగా, ఎగుడుదిగుడుగా, మొనదేలి ఉంటుంది. ఇంకా లినెన్ బట్టను వెలుతురుకు అడ్డం పెడితే పోగు ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా, అక్కడక్కడా చిన్న ముడిలాగా కనిపిస్తుంది. చేత్తో పట్టుకుంటే చల్లగా తగులుతుంది. గుప్పిట్లో నలిపి వదిలితే ముడతలు అట్లే నిలబడిపోతాయి. అవన్నీ లోపాలని కొందరు కస్టమర్లు నాతో గొడవ పెట్టుకుంటారు, అసలు అవే గుర్తులు.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, మేడమ్ మేం పేజీ కింద రాశాం కదా, "లినెన్ స్టైల్ రిచ్ బ్లెండ్" అని అన్నారు. వెతికితే నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. పైన పెద్ద అక్షరాల్లో ఆర్గానిక్ లినెన్, కింద చీమ తలకాయల్లో స్టైల్. ఉతికిన బట్ట వాపసు తీసుకోం అన్నారు. 1915 నంబరుకు, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫిర్యాదు చేసి, ఆ పేజీ ఫోటోలు, కాలిన పోగుల ఫోటోలు పంపాము. పదిహేను రోజులకు డబ్బులు వెనక్కి వచ్చాయి. ఆ ఆరు గుడ్డలు మాత్రం తీసుకుపోలేదు, నా దగ్గరే పడి ఉన్నాయి. నేల మీద నీళ్లు తుడవడానికి కూడా పనికిరాకపోతే చించి దిండ్లలో కుక్కాను.

మా పాపకు తెలిసిన లాయరు ఒకాయన అప్పుడే చెప్పారు, పర్యావరణం పేరు చెప్పి జనాన్ని తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చిందంట. ఆర్గానిక్, నేచురల్, సస్టైనబుల్ లాంటి మాటలు ఊరికే వాడకూడదు, ఏ లెక్కన అట్లా అంటున్నారో చెప్పాలి, రుజువు ఉండాలి. ఇంత పనికొచ్చే సంగతి మీ వ్యాసంలో రెండు లైన్లు రాసుంటే ఎంత బాగుండేది సార్.

అసలు లినెన్ అంటే ఏమిటో కూడా మనలో చాలామందికి తెలియదు. మనం కారంపొడి చేసుకునే అవిసె గింజల మొక్క ఉంది కదా, ఆ జాతి మొక్క కాండం నుంచి తీసే నారే లినెన్. (పూలూ ఆకులూ కూర వండుకునే అవిసె చెట్టు వేరే, పేరు ఒకటే.) మన దేశంలో దాన్ని ఎక్కువగా గింజ కోసమే వేస్తారు. నార కోసం వేసే రకం పొడుగ్గా, కొమ్మలు తక్కువగా పెరుగుతుంది, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ వైపు సముద్రం దగ్గర చల్లటి నేలల్లో ఎక్కువ పండుతుంది. విత్తిన వంద రోజులకు అటూ ఇటుగా చేతికొస్తుంది. కొయ్యరు, వేరుతో సహా పీకుతారు, పీచు పొడుగు పోకుండా. పీకి చేలోనే వరసలుగా పరిచేస్తే మంచుకీ వానకీ తడిసి పుల్ల మెత్తబడి, నార విడిపోతుంది. మన పల్లెల్లో గోగు కట్టె చెరువులో నానేసి నార తీస్తారు కదా, అదే పని, కాకపోతే అక్కడ మంచు చేస్తుంది.

అక్కడి పంటకు వాననీళ్లే సరిపోతాయి కాబట్టి నీటి పారుదల ఖర్చు లేదు, పత్తితో పోలిస్తే పురుగుమందులు తక్కువ అని చెప్పేది నిజమే. కానీ తక్కువంటే లేవని కాదు, మామూలు లినెన్‌కు రసాయన ఎరువులు, కలుపుమందులు వాడతారు. అవి లేకుండా పండిస్తేనే ఆర్గానిక్. లినెన్ అనగానే ఆర్గానిక్ అయిపోయినట్టు రాస్తున్నారు, రెండూ ఒకటి కాదు. ఇంకోటి, ఆ నార అసలు రంగు బూడిద కలిసిన గోధుమ రంగు. తెల్లగా మెరిసిపోయే లినెన్ కావాలంటే బాగా బ్లీచ్ చేయాలి. పర్యావరణం కోసం కొనేవాళ్లు తెల్లది అడగడం ఏమిటో నాకు అర్థం కాదు.

లినెన్ అన్న మాటతోనే ఇంకో తికమక ఉంది. ఇంగ్లీషులో బెడ్ లినెన్, టేబుల్ లినెన్ అంటే దుప్పట్లు, మేజాగుడ్డలు అని అర్థం, అది ఏ బట్టైనా సరే. ఒకప్పుడు అక్కడ అవన్నీ ఆ నారతోనే నేసేవాళ్లు కాబట్టి పేరు నిలిచిపోయింది. రైల్లో ఏసీ బోగీలో ఇచ్చే దుప్పటి, దిండుగలీబును కూడా రైల్వేవాళ్లు లినెన్ అనే అంటారు, అది ఎక్కువగా కాటనే. కాబట్టి షాపు బోర్డు మీద "హోమ్ లినెన్" అని ఉంటే లోపల లినెన్ ఉంటుందని కాదు. లినెన్ లుక్, లినెన్ ఫీల్, లినెన్ టచ్ అని రాసి ఉంటే అసలు ఆశే పెట్టుకోవద్దు. కాటన్ లినెన్ అంటే రెండూ కలిపింది, అది మోసం కాదు, ఎంత శాతం ఏది అని రాసి ఉంటే చాలు. వెదురు బట్ట అని అమ్మేది కూడా చాలావరకు రేయానే, వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన దారం.

ఆర్గానిక్ అన్న మాటకు రుజువు కావాలంటే చూడాల్సింది జీఓటీఎస్ (ఆర్గానిక్ బట్టలకు ప్రపంచమంతా వాడే ప్రమాణం) గుర్తు. గుండ్రంగా, పచ్చగా, మధ్యలో తెల్ల చొక్కా బొమ్మ ఉంటుంది. ఆర్గానిక్ అని వేసుకోవాలంటే అందులో కనీసం 95 శాతం సర్టిఫై అయిన ఆర్గానిక్ పీచు ఉండాలి, 70 శాతం దాటితే ఆర్గానిక్ పీచుతో చేసినది అని మాత్రం వేసుకోవచ్చు. గుర్తు ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఎవరైనా ప్రింటు చేసుకోగలరు. దాని కింద సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు, లైసెన్స్ నంబరు ఉండాలి, ఆ నంబరును జీఓటీఎస్ వెబ్‌సైటులో కొడితే కంపెనీ పేరు రావాలి. ఇంకా ఓకో-టెక్స్ అని ఒక గుర్తు కనిపిస్తుంది. అది బట్టలో ఒంటికి హాని చేసే రసాయనాలు లేవని పరీక్ష చేసిన గుర్తు, మంచిదే, కానీ ఆర్గానిక్ అని దాని అర్థం కాదు. తినే సరుకుల మీద వచ్చే జైవిక్ భారత్ ముద్రకూ దీనికీ సంబంధం లేదు.

ఇంత చెప్పాక లినెన్ కొనొద్దంటున్నానా అంటే కాదు. మా తమ్ముడి కూతురు బెంగళూరు నుంచి తెచ్చిచ్చిన అసలు లినెన్ టవల్ ఒకటి రెండేళ్లుగా నా వంటింట్లో ఉంది. కొత్తలో అప్పడంలాగా బిరుసుగా ఉండేది, ఇదేం టవలమ్మా అనుకున్నాను. పది పదిహేను ఉతుకులయ్యాక దారికొచ్చింది. గాజు గ్లాసులు తుడిస్తే నూగు అంటదు. వానాకాలంలో కూడా కాటన్ టవల్ కంటే ముందే ఆరుతుంది, ముక్కవాసన రాదు. తడిసినప్పుడు దానికి బలం ఇంకా పెరుగుతుంది, అందుకే గట్టిగా పిండినా ఏమీ కాదు. దాని బలహీనత ఒకటే, ఎప్పుడూ ఒకే చోట మడతపెట్టి మడత మీద ఇస్త్రీ తోస్తే ఆ గీత వెంబడి పీచు విరిగి చిరుగుతుంది. మడత మారుస్తుండాలి, లేదా ఇస్త్రీయే మానేయాలి, నేను మానేశాను. బ్లీచింగ్ వద్దు, మెత్తదనం కోసం పోసే ఆ వాసన ద్రవం అసలే వద్దు, అది పోగుకు పూతలాగా పట్టేసి నీళ్లు పీల్చనివ్వదు. పసుపు మరక పడితే సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది, టెన్షన్ పడొద్దు, తడిగా తీసుకెళ్లి మిద్దె మీద ఎండలో వేయండి. కర్నూలు ఎండకు పసుపు మరక రెండు రోజులు ఆగదు, ఆ ఒక్క విషయంలో మన ఎండ మనకు మేలే.

కానీ ఆ టవల్ ధర 750 రూపాయలు. నా సంపాదనలో వంటింటికి ఎనిమిది టవళ్లు కావాలంటే 6,000. లినెన్ డబుల్ దుప్పటి అయితే ఒక్కదాని ధరే అంతకు మించిపోతోంది. అంత పెట్టగలిగినవాళ్లు సర్టిఫికెట్ చూసి నిశ్చింతగా కొనుక్కోండి. పెట్టలేనివాళ్లు భూమికి ద్రోహం చేస్తున్నట్టు మీ వ్యాసం ధ్వని ఉంది, అది నాకు నచ్చలేదు. మా ఇంట్లో మసిగుడ్డ అంటే అత్తమ్మ పాత నేతచీరలో చింపిన ముక్క. మజ్జిగ వడగట్టేది మామయ్య పాత మల్లుపంచె. చీరలు బాగా పాతబడితే నాలుగు పొరలు వేసి బొంత కుడతాం, ఆ బొంత పాతబడితే అలుకు గుడ్డ. దీనికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు, కొత్తగా పీచు పండించాల్సిన పని కూడా లేదు.

మా పాప డిగ్రీలో ఉండగా ఒక లెక్క చదివి వినిపించింది. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ సంచుల మీద వేసిన లెక్క అది. అన్ని రకాల కాలుష్యాలూ చూసుకుంటే ఒక మామూలు కాటన్ సంచిని 7,100 సార్లు, ఆర్గానిక్ కాటన్ సంచిని 20,000 సార్లు వాడితే గానీ పలచటి ప్లాస్టిక్ కవరుతో సమానం కాదంట. ఆర్గానిక్ పంటకు దిగుబడి తక్కువ, భూమి ఎక్కువ కావాలి అన్నది అందులో ఒక కారణం. అన్ని ప్రభావాలూ విడివిడిగా చూస్తే, ఓజోన్ పొర మీద పడే ప్రభావం వల్ల వచ్చిన పెద్ద అంకెలవి, చెత్తకుండీ పక్కన ఆవు కడుపులోకి పోయే కవర్ల సంగతి వాళ్లు లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. అందుకని ప్లాస్టిక్కే మేలని నేను అనను. నాకు అందులో అర్థమైంది, పెళ్లికి పోయినప్పుడల్లా ఇచ్చే కొత్త గుడ్డసంచి బీరువాలో దాచుకుంటే అది కూడా చెత్తే. నా దగ్గర కుట్టించుకునేవాళ్లకు సంచి కావాలంటే ఇంట్లో పాత ప్యాంటు తెమ్మంటాను. సి.క్యాంపు రైతుబజారుకు నేను తీసుకుపోయే సంచి మా ఆయన పాత జీన్స్ ప్యాంటుది, ఏడేళ్లయింది, ఐదు కిలోల ఉల్లిగడ్డలు వేసినా కుట్టు ఊడలేదు. అన్నట్టు, బట్టలషాపుల్లో గుడ్డసంచి అని ఇచ్చే ఆ రంగురంగుల నాన్‌వోవెన్ సంచి గుడ్డ కాదు, అది కూడా ప్లాస్టిక్కే, దాని చిన్న ముక్కకు అగ్గిపుల్ల చూపించండి తెలుస్తుంది.

కొత్తదే కావాలంటే మన జిల్లాలోనే ఎమ్మిగనూరు ఉంది. పద్మశ్రీ మాచాని సోమప్ప గారు స్వాతంత్ర్యానికి ముందే అక్కడ చేనేత సహకార సంఘం పెట్టి వందల కుటుంబాలకు పని చూపించారు, ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లంటే ఒకప్పుడు పెళ్లి సామాన్లలో ఉండాల్సిందే. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి. పోయినేడు నేను అక్కడి నుంచి తెచ్చిన తువ్వాలు ఒక్కోటి 120 రూపాయలు పడింది. ఇప్పుడు మా రొట్టెల గుడ్డ అదే. అయితే నిజం చెప్పుకోవాలి, చేనేత అంటే ఆర్గానిక్ అని కాదు. ఆదోని మార్కెట్‌కు వచ్చే పత్తి ఎక్కువగా మందు కొట్టి పండించిందే, అట్లాంటి పత్తి నూలే మగ్గం మీదికి వస్తుంది. మరమగ్గం బట్టను చేనేత అని అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు, హ్యాండ్‌లూమ్ మార్క్ ముద్ర ఉందేమో అడిగి తీసుకోండి. నేను అక్కడ కొన్నది ఆర్గానిక్ అని కాదు. 70 కిలోమీటర్ల లోపల నేసినవాళ్లు ఉన్నారు, నేసిందేమిటో అడిగితే మొహం చూసి చెప్పారు.

నేను అడిగేవి మూడే. మీరు ఇట్లాంటి వ్యాసాలు వేసినప్పుడు కింద ఒక డబ్బాలో ఏ గుర్తు చూడాలి, ఎక్కడ ఫిర్యాదు చేయాలి అని తెలుగులో వేయండి. వ్యాసం పక్కనే అట్లాంటి బట్టల ప్రకటన ఉంటే అది ప్రకటన అని కనపడేలా వేయండి, పోయిన ఆదివారం ఏది వ్యాసమో ఏది ప్రకటనో మా కోడలికి తెలియలేదు, నాకూ తెలియలేదు. మూడోది ఆప్కో (రాష్ట్ర చేనేత సహకార సంస్థ) వాళ్లకూ, సహకార సంఘాలకూ. దుప్పటికీ తువ్వాలుకూ ఏ నూలు ఎంత శాతం, చేమగ్గమా మరమగ్గమా, ఏ ఊళ్లో నేసింది అనేది తెలుగులో ఒక చిన్న చీటీ కుట్టి అమ్మండి. అరంగుళం చీటీ, అంచు మడిచేటప్పుడే లోపల పెట్టి కుట్టేస్తే సరిపోతుంది, నిమిషం కూడా పట్టదు. నేను కుట్టే సంచులకు పోయిన నెల నుంచి పెడుతున్నాను: "పాత ప్యాంటు, కాటన్ 98, సాగే దారం 2, కర్నూలు" అని.

ఇట్లు,
ఒక టైలరమ్మ,
కర్నూలు